నీలం బండికి

మధ్యాహ్నం షిఫ్టు విడిచారు. ఆదివారమైనా కంపెనీ గేటులోంచి మనుషులు బయటికి వస్తున్నారు. కాజీపల్లి రోడ్డు మలుపులో దేవమ్మ జామకాయల గంప పెట్టుకుని కూర్చుంది. గంప పక్కన ఒక అట్టముక్క. అట్టముక్క మీద తాడుతో అల్లిన బ్రాస్‌లెట్లు. వాటి వెనుక దేవమ్మ మనవరాలు తనుశ్రీ.

జామకాయలు అమ్ముడుపోతున్నాయి. బ్రాస్‌లెట్లు కదలడం లేదు.

"గట్టిగ అరువురా," అంది తనుశ్రీ పక్కనున్న అనిల్‌తో.

అనిల్‌ది కూడా ఆమె క్లాసే, ఏడో తరగతి. సరుకు చూపించడానికి మోచేతి దాకా బ్రాస్‌లెట్లు తొడుక్కున్నాడు. ఆ చెయ్యి పైకెత్తి అరిచాడు. "సర్వైవల్ బ్రాస్‌లెట్! సర్వైవల్ బ్రాస్‌లెట్!"

బండి మీద పోతున్న ఒకాయన ఆగాడు. "ఏంది బాబూ గిది?"

తనుశ్రీ లేచి నిలబడింది. "పారాకార్డ్ అన్నా. పారాచూట్లకు కట్టే తాడు. చేతికి వేసుకుంటే బ్రాస్‌లెట్. అవసరం పడితే ఈ కొస పట్టి గుంజాలె. పొడుగు తాడు అయితది. అడవిల తప్పిపోయినప్పుడు మస్తు పనికొస్తది."

ఆయన చుట్టూ చూశాడు. కంపెనీ గోడ, గోడ అవతల పొగగొట్టం, ఇవతల టిఫిన్ సెంటర్. "అడవి ఏడున్నది బిడ్డా?"

"కొండ మీదికెళ్లి కూడా దిగొచ్చు అన్నా," అన్నాడు అనిల్.

"నాది గ్రౌండ్ ఫ్లోర్ రూమ్‌రా బాబూ." ఆయన జామకాయలు కొనుక్కుని వెళ్లిపోయాడు.

తర్వాత బిహార్ నుంచి వచ్చిన కార్మికుడు ఒకతను వంగి చూశాడు. "క్యా హై? రాఖీ?"

"రాఖీ నహీ భయ్యా. రస్సీ."

"హాథ్ మే రస్సీ?" చేతికి తాడేంటని అతను నవ్వుకుంటూ పోయాడు.

తనుశ్రీ కూర్చుని తన బూటు వైపు చూసుకుంది. బూటు ముందు భాగం నోరు తెరిచింది. వచ్చే నెల సంగారెడ్డిలో ఖో-ఖో పోటీలు. జట్టులో ఆమె ఉంది. బూట్లు అడిగితే అమ్మ వనజ, "జీతం వచ్చినంక చూద్దాం," అంది. పోయిన జీతానికి ముందు కూడా అదే మాట అంది.

అందుకే ఈ బేరం. అల్లిక నేర్పింది పీటీ సార్ త్రినాథరావు. మెడలో విజిల్ లేకుండా ఆయనను ఎవరూ చూడలేదు. వేసవి క్యాంపు అయిపోయాక మిగిలిన తాడు చుట్టలు తనుశ్రీకే ఇచ్చారు. మూడు రంగులు. ఎరుపు, నలుపు, నీలం.

"ఏందే తనూ, దారాలు అమ్ముతున్నవా?"

ఆగమ్మ వచ్చింది. తనుశ్రీ వాళ్ల వరుసలోనే చివరి ఇల్లు ఆమెది. చంకలో మనవడు చింటు ఏడుస్తున్నాడు. "వీడు రాత్రంతా ఒకటే ఏడుపు. ఎవలి దిష్టి తగిలిందో ఏమో. గిది దిష్టికేనా?"

తనుశ్రీ తల ఊపింది. అడ్డంగా ఊపిందా, నిలువుగా ఊపిందా అని అడిగితే ఆమె కూడా చెప్పలేదు. ఆగమ్మకు మాత్రం నిలువుగానే కనిపించింది.

"ఎవలు కట్టిన్రు?"

"నేనే అల్లిన అవ్వా. సార్ నేర్పిండు."

"ఏ సారు?"

"మా బడి సారు. మెడల విజిల్ ఉంటది."

"ఊదుతడా?"

"పొద్దంత ఊదుతడు," అన్నాడు అనిల్.

ఆగమ్మ కళ్లు పెద్దవయ్యాయి. తాయెత్తు మీద ఒక్కసారి ఊది కట్టేవాళ్లను ఆమె ఎరుగును. పొద్దంతా ఊదేవాళ్ల గురించి ఎప్పుడూ వినలేదు. బేరం ఆడకుండా నల్లది ఒకటి కొని, అక్కడే చింటు చేతికి కట్టించుకుంది.

ఆమె వెళ్లాక దేవమ్మ తక్కెడ కింద పెట్టి మనవరాలి వైపు చూసింది. "గివి తాయెత్తులని నాకు ఒక్కమాట చెప్పలేదేందే నువ్వు?"

ఆ రాత్రి చింటు నిద్రపోయాడు.

తెల్లారేసరికి ఆ సంగతి కాలనీ నల్లా దగ్గరికి చేరింది. నల్లా దగ్గరి నుంచి బిందెలతో పాటు ఇంటింటికీ పోయింది. సాయంత్రం తనుశ్రీ బడి నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

"తనూ, నాకు ఏ రంగు మంచిదే?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. ఇది తాడు, అంతే అనొచ్చు. కానీ తాడని చెప్పినప్పుడు ఎవరూ కొనలేదు. తనుశ్రీ గొంతు సవరించుకుంది.

"ఎరుపు డ్యూటీకి. నలుపు పిల్లలకు. నీలం..." అప్పుడే సందులోంచి ఒక బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. "నీలం బండికి."

అనిల్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "గిది ఎప్పుడు డిసైడ్ అయింది?"

"ఇప్పుడే. సప్పుడు చెయ్యకు."

ఆడవాళ్లు భర్తలకు నీలం కొన్నారు. కొడుకులకు నీలం కొన్నారు. బండి ఇంకా కొనని ఒకామె కూడా నీలమే కొన్నది, ముందు ఇది ఉంటే బండి తర్వాత వస్తుందని. తనుశ్రీ, అనిల్ కూర్చుని అల్లుతూనే ఉన్నారు. అనిల్ చేతి మీద ఉన్న సరుకు కూడా అమ్ముడుపోయింది.

ఒక నీలం తాడు దేవమ్మ తీసుకుంది. కొడుకు నర్సింగ్ చేతికి తనే కట్టింది.

నర్సింగ్ తనుశ్రీ నాన్న. పటాన్‌చెరులో ఒక కంపెనీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. రోజూ బండి మీద హైవే దాటి వెళ్లాలి. ఆయన హెల్మెట్ తలుపు వెనక మేకుకు ఉంటుంది. ఆయన దాన్ని మరిచిపోవడం, వనజ గుర్తు చేయడం, ఆయన గొణుక్కుంటూ పెట్టుకోవడం ఆ ఇంట్లో రోజూ జరిగే పని.

మరునాడు పొద్దున కూడా వనజ వంటింట్లోంచే అంది. "హెల్మెట్."

నర్సింగ్ చెయ్యి ఎత్తి చూపించాడు. "నీలం ఉన్నది గదా."

"నీలం ఉంటే?"

"నీలం బండికి. నీ బిడ్డనే చెప్పింది. కాలనీ అంత కట్టుకున్నది, నీ ఒక్కదానికే తెల్వదు." ఆయన చెప్పులు వేసుకున్నాడు. "అది పెట్టుకుంటే తలకాయ ఇడ్లీ గిన్నెల ఉడికినట్టు ఉడుకుతది. ఇగ దాని పీడ పోయింది."

తనుశ్రీ నోట్లో ఉప్మా ఉంది. మింగి మాట్లాడాలనుకుంది. మింగేసరికి బండి స్టార్ట్ అయింది. మాట్లాడేసరికి సందు దాటింది.

తలుపు వెనక మేకుకు హెల్మెట్ వేలాడుతూ ఉంది.

బడికి పోయే దారిలో ఆమె అనిల్‌కు చెప్పింది.

"చెప్పెయ్యి మరి," అన్నాడు అనిల్.

"చెప్తే అందరు పైసలు వాపస్ అడుగుతరు."

"మరెట్ల?"

"సాయంత్రం డాడీకి ఒక్కనికే చెప్త. చెవుల చెప్త."

పక్కనుంచి ట్యాంకర్ పోయింది. దాని వెనక ఇంకొక ట్యాంకర్. తనుశ్రీ రెండింటి చక్రాల వైపూ చూసింది. అవి అంత పెద్దగా ఉంటాయని ఇంతకుముందు ఎప్పుడూ గమనించలేదు.

మూడో పీరియడ్‌లో ఖో-ఖో ప్రాక్టీసు. త్రినాథరావు సార్ గీత దగ్గర నిలబడి విజిల్ ఊదుతున్నారు. గేటులోంచి ఆగమ్మ వచ్చింది. చంకలో చింటు, చేతిలో నిమ్మకాయ, అగరుబత్తుల ప్యాకెట్.

సార్ విజిల్ ఊదారు. ఆగమ్మ దండం పెట్టింది. సార్ మళ్లీ ఊదారు. ఆగమ్మ మళ్లీ దండం పెట్టింది. అలా దండాలు పెట్టుకుంటూ గ్రౌండు మధ్యకు వచ్చేసింది.

"సారూ, నీ పుణ్యాన మావోడు పండుకుంటున్నడు. జెర వీని నెత్తి మీద కూడ ఒక్కపారి ఊదున్రి."

"ఏం ఊదాలమ్మా?"

"గదే. పొద్దంత ఊదేది."

సార్ విజిల్ వైపు చూశారు. నిమ్మకాయ వైపు చూశారు. ఆయనది శ్రీకాకుళం. ఈ ఊరి పద్ధతులు కొన్ని ఇంకా తెలియవు. పెద్దావిడ అడిగింది కదా అని చిన్నగా ఒకసారి ఊదారు.

విజిల్ విని రెండు జట్లూ ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. చింటు అదిరిపడి కెవ్వుమన్నాడు.

"సూసిన్రా! దిష్టి బయటికి పోతున్నది!" అంది ఆగమ్మ.

పిల్లలు నవ్వలేక నేల మీద కూర్చున్నారు. తనుశ్రీ ఖో-ఖో స్తంభం వెనక్కి జరిగింది. స్తంభం సన్నగా ఉంది. ఆగమ్మ ఆమెను చూసి సార్‌కు చూపించింది. తాయెత్తుల సంగతి, రంగుల సంగతి, ఏ రంగు దేనికో అంతా వరుసగా చెప్పింది. నిమ్మకాయ సార్ చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

సార్ తనుశ్రీని పిలిచారు. "ఏంటమ్మా ఇది?"

"తాయెత్తని నేను అనలేదు సార్. ఆ అవ్వనే అన్నది."

"నువ్వు కాదన్నావా?"

తనుశ్రీ కిందికి చూసింది.

"నీలం బండికి అని కూడా ఆవిడే అందా?"

బూటు నోరు తెరిచి ఉంది. తనుశ్రీ నోరు తెరవలేదు.

"నేను నీకు ముడి వెయ్యడం నేర్పాను. విప్పడం కూడా నేర్పాను." అంతే అని నిమ్మకాయ జేబులో వేసుకుని విజిల్ ఊదారు. ఆట మొదలైంది. ఆ రోజు తనుశ్రీ మొదటి పరుగులోనే ఔటయింది.

సాయంత్రం ఆమె గుమ్మం ముందే కూర్చుంది. నాన్న బండి చప్పుడు ఆమెకు తెలుసు. ఆ చప్పుడు రాలేదు. బండి మాత్రం వచ్చింది. నర్సింగ్ దాన్ని నెట్టుకుంటూ వస్తున్నాడు. మోచేయి చెక్కుకుపోయింది. చొక్కా చినిగింది. అడుగు వేసినప్పుడల్లా తలలోంచి ఇసుక రాలుతోంది.

వనజ చేతిలోని గరిటె పట్టుకునే బయటికి పరుగెత్తింది. "ఏమైందయ్యా!"

"ఏం కాలే, ఏం కాలే." నర్సింగ్ నవ్వుతున్నాడు. "ముందు పోయే ట్యాంకర్‌వాడు సడన్ బ్రేక్ కొట్టిండు. పక్కకు తిప్పిన. బండి జారింది. ఆడ బిల్డింగ్ కడ్తున్నరు. సీదా పోయి ఇసుక కుప్పల తలకాయ పెట్టిన. దాని పక్కపొంటి ఏమున్నది తెలుసా? కంకర కుప్ప!" ఆయన చెయ్యి పైకెత్తాడు. "నీలం!"

"నా కొడుకే!" దేవమ్మ ఆయన తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. "రేపు రెండో చేతికి కూడ ఇంకొకటి కట్టుకో."

"ఎర్రది కూడ కట్టు. డ్యూటీకి," అన్నాడు నర్సింగ్.

తనుశ్రీకి కంకర కుప్ప కనిపించింది. ఆమె దాన్ని ఎప్పుడూ చూడలేదు. అయినా ఒక్కో రాయీ కనిపించింది.

"డాడీ, చెయ్యి ఇటియ్యి."

నర్సింగ్ చెయ్యి ఇచ్చాడు. ఆమె నీలం తాడు కొస పట్టుకుని గుంజింది. ముడి ఊడింది. ముడి తర్వాత ముడి జరజరా విడిపోయింది.

"ఏయ్! తాయెత్తు ఎవరన్న ఇప్పుతరానే!" దేవమ్మ అరిచింది.

తనుశ్రీ గుంజుతూనే ఉంది. తాడు గుమ్మం దాటింది. మంచం కింద నుంచి పోయింది. నర్సింగ్ మణికట్టు మీద ఏమీ మిగలలేదు.

దేవమ్మ వంగి తాడు ఎత్తింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో వెతికింది. "లోపట రేకు ఏదే?"

"రేకు లేదు నాయనమ్మా."

"మరి మంత్రం?"

"మంత్రం లేదు. ఏం లేదు. ఉత్త తాడు. ఆగమ్మవ్వ దిష్టికా అంటే కాదు అని చెప్పలేదు. చెప్తే కొనదని. నీలం బండికని నేనే చెప్పిన. ఆ టైంల బండి పోయింది, అందుకని చెప్పిన. కారు పోతే కారుకని చెప్తుంటి."

నర్సింగ్ ఖాళీ చేతి వైపు చూసుకున్నాడు.

"మరి నన్ను కాపాడిందేంది?"

"ఇసుక," అంది వనజ. "రేపు కూడ కుప్ప ఆడనే ఉంటదో లేదో అడిగి రా పో."

నర్సింగ్ స్నానానికి పోయాడు. తల మీద నీళ్లు పోసుకున్నాడు. ఇసుక వచ్చింది. మళ్లీ పోసుకున్నాడు. మళ్లీ వచ్చింది. నీళ్లు కాలువలోకి పోయాక కూడా ఇసుక బండ మీద మిగిలింది. దాన్ని చూస్తూ ఆయన చాలాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చాక కూతురిని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని తనుశ్రీకి అనిపించింది.

తెల్లవారి నర్సింగ్ టిఫిన్ డబ్బా తీసుకుని బండి తాళంచెవి కోసం వెతికాడు. టీవీ మీద లేదు. కిటికీలో లేదు.

"నా చెవి ఎవలు తీసిన్రు? షిఫ్ట్‌కు లేటయితున్నది!"

"తలుపు వెనక ఉన్నది డాడీ," అంది తనుశ్రీ.

తలుపు వెనక మేకుకు హెల్మెట్ ఉంది. హెల్మెట్ పట్టీకి నీలం తాడు. తాడు చివర తాళంచెవి. అల్లిక సార్ నేర్పిందే, ముడి మాత్రం తనుశ్రీ సొంతం.

నర్సింగ్ హెల్మెట్‌ను ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. కొస దొరకలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పంటితో లాగాడు. చివరికి ముడి ఊడింది. తాళంచెవి చేతికి వచ్చేసరికి హెల్మెట్ ఒళ్లోనే ఉంది, వనజ ఎదురుగా నిలబడి ఉంది.

"రోజూ గిట్లనే కడ్తవా?" అని కూతురిని అడిగాడు.

"రోజూ కడ్త."

ఆయన హెల్మెట్ పెట్టుకున్నాడు. లోపల్నుంచి ఏదో అన్నాడు గానీ ఎవరికీ వినిపించలేదు. ఇడ్లీ గిన్నె అన్నట్టు మాత్రం ఉంది.

ఆ సాయంత్రం తనుశ్రీ, అనిల్ ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి గుమ్మం ముందు తనుశ్రీ ఒక బ్రాస్‌లెట్ విప్పి చూపించింది. "తాడు. లోపట ఏం లేదు. తప్పు చెప్పిన." కొందరు నవ్వారు. కొందరు తిట్టారు. కొందరు పైసలు వాపస్ తీసుకున్నారు. ఒకామె ఇంట్లోవాళ్లవి అన్నీ విప్పించి, కలిపి కట్టి, బట్టలు ఆరేసుకుంది. బూట్ల సంగతి మళ్లీ జీతం వచ్చినంక అన్న దగ్గరికే వచ్చింది.

చివరి ఇంట్లో ఆగమ్మ చింటును వెనక్కి దాచుకుంది. "ఏయ్, ముట్టకున్రి! మావోడు నిద్రపోతున్నడు."

"వానికి పన్ను వచ్చినట్టున్నది అవ్వా. గందుకే అప్పుడు ఏడ్చిండు," అన్నాడు అనిల్.

"నీకెట్ల తెలుసు?"

చూద్దామని అనిల్ చింటు నోట్లో వేలు పెట్టాడు. చింటు కొరికాడు. పన్ను ఉన్నట్టు సందు మొత్తానికి తెలిసింది.

మళ్లీ ఆదివారం మధ్యాహ్నం షిఫ్టు విడిచారు. మలుపులో జామకాయల గంప, పక్కన అట్టముక్క. తనుశ్రీ నోరు తెరిచిన బూటును ఎర్ర తాడుతో కుట్టుకుని వచ్చింది. ముందుగా ఆగమ్మ వచ్చింది.

"తనూ, ఒకటి ఇయ్యి. గట్టిది."

"ఎవరికే?" అంది దేవమ్మ.

"మేకకు."

"మేకకు దిష్టి తగిలిందా?"

"దిష్టి గాదు. పలుపు తెగింది."

ఆమె వెనకే గ్రౌండ్ ఫ్లోర్ ఆయన బండి ఆపాడు. ఆయన చెవికి ఆ కబురు ఆలస్యంగా చేరినట్టుంది. "బిడ్డా, గవి మస్తు మంచియట గదా. కట్టుకుంటే ఏమైతది?"

అనిల్ తనుశ్రీ వైపు చూశాడు.

"కట్టుకుంటే ఏం కాదన్నా," అంది తనుశ్రీ. "విప్పితేనే పనికొస్తది."

"విప్పి ఏం జెయ్యాలె? నాకు అడవి లేదు, కొండ లేదు."

తనుశ్రీ ఆయన తల వైపు చూసింది. జుట్టు గాలికి లేచి ఉంది. "నీ హెల్మెట్ ఏదన్నా?"

"రూమ్‌ల ఉన్నది."

ఆమె అట్టముక్క మీంచి నీలం బ్రాస్‌లెట్ తీసింది. కొస పట్టుకుని గుంజింది. తాడు జరజరా విడిపోయి జామకాయల మీద పడింది.

"బండి తాళంచెవి ఒకసారి ఇటియ్యి అన్నా. ఎట్ల కట్టాల్నో చూపెడ్త."